మా అక్కకి మంచు పార్టీ

నాకు నోరు ఎక్కువ. ఇంకెవరైనా అంటే ఊరుకోను గానీ, నా అంతట నేను ఒప్పుకుంటాను. మా ఫ్లాట్లలో ఎవరింట్లో ఏ వేడుకైనా ముందు నాకే కబురొస్తుంది. బడిలో డ్రాయింగు టీచర్ని కాబట్టి రంగుకాగితాలు, అట్టముక్కలు, జిగురు నేను చెప్పినట్టు వింటాయి. మనుషులు కూడా అలాగే వింటారని నా నమ్మకం. వినకపోతే వినేదాకా చెబుతాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

అక్కది నాకు పూర్తిగా ఎదురు స్వభావం. నోట్లో నాలుక లేని మనిషి. ఏం కావాలని అడిగితే "నాకేం వద్దే" అంటుంది. రెండోసారి అడిగితే "నీ ఇష్టం" అంటుంది. మూడోసారి అడిగే ఓపిక నాకు ఏనాడూ లేదు. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి కుదిరిపోయింది. అక్కని అడగం, తెచ్చి చేతిలో పెట్టేస్తాం. చీరైనా అంతే, చెప్పులైనా అంతే. తీసుకుని "బాగుందే" అంటుంది. అందరికీ పని తేలిక.

నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నాకు పద్నాలుగేళ్లప్పుడు అమ్మ కూడా పోయింది. అక్కకి అప్పటికి ఇరవై ఆరు. ఆ నెల్లోనే ఊరి చివర కోల్డ్ స్టోరేజీలో పనికి చేరింది. చేపలు, బఠాణీలు, ఐస్‌క్రీము డబ్బాలు గడ్డకట్టించి నిలవ చేసే పెద్ద గిడ్డంగి అది. లోపల సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద ఉంటుంది. మోకాళ్ల దాకా దిగే దళసరి కోటు, రెండు జతల చేతి తొడుగులు, బూట్లు వేసుకుని అందులో ముప్పై రెండేళ్లు పెట్టెలు ఎత్తింది, వరసలు పేర్చింది. నా చదువు, నా టీచర్ ట్రైనింగు, నా పెళ్లి, అన్నీ ఆ జీతంతోనే అయ్యాయి. తన పెళ్లి ఊసు ఎవరెత్తినా "ముందు దానిది కానివ్వండి" అనేది. నాది అయ్యాక ఆ ఊసు ఎత్తేవాళ్లే లేకపోయారు. నేనూ ఎత్తలేదు.

ఆ గిడ్డంగిలోకి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. ఇద్దరిద్దరుగా వెళ్లాలి. చలి ముదిరిన సంగతి ఆ చలిలో ఉన్న మనిషికి తెలియదట. ముక్కు కొస తెల్లబడుతుంది, మాట ముద్దగా వస్తుంది, అయినా "నాకేం కాలేదు" అంటూనే ఉంటారట. పక్కనున్న మనిషి ఆ మొహం చూసి "పద బయటికి" అనాలి. అన్నాక ఎదురు చెప్పకూడదు. అది అక్కడి చట్టం. నలభై నిమిషాలు లోపల, ఇరవై నిమిషాలు బయట గోడ పక్కన, ఎండ పడే బల్ల మీద. తొడుగులు తీసి, చేతులు వెల్లకిలా ఒళ్లో పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా కూర్చుంటారట. అక్కతో జతగా లోపలికి వెళ్లే ఆవిడ ఇరవై ఆరేళ్ల నుంచీ ఒక్కరే. అక్క ఆవిడని జోడీ అనేది, మేమూ అలాగే అనేవాళ్లం.

ఈ సంగతులన్నీ అంతా అయిపోయాక జోడీ చెబితే తెలిసినవే. ముప్పై రెండేళ్లలో అక్క ఉద్యోగం గురించి నేను అడిగింది ఒక్కటే: "ఐస్‌క్రీములు మీకు ఊరికే ఇస్తారా?"

అక్కకి యాభై ఎనిమిది నిండాయి. ఉద్యోగం అయిపోతే కంపెనీ ఇచ్చిన ఒంటిగది క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి వెళ్తుంది? నా ఇంటికే, అందులో అడగడానికేముంది అనుకున్నాను. ఒకరోజు క్వార్టరుకి వెళ్తే జోడీ కూర్చుని ఉంది. ఆవిడ భర్త పోయి నాలుగేళ్లయింది. ఊరవతల చిన్న ఇల్లుంది, రెండు గదులు, ముందు వరండా. అందులో ఒక గది అక్కకి ఇస్తానని, ఇద్దరం కలిసి ఉంటామని చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"సొంత చెల్లెలు నేనుండగా అక్క ఎవరి పంచనో ఉండడమేంటండీ? నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ?" అన్నాను.

"ఎవరి పంచనో కాదమ్మా. మా వరండాలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండుంటుంది. మీ అక్కకి మంచిది," అంది జోడీ.

"ఎండ మా టెర్రస్ మీద లేదా ఏంటి?" అన్నాను. అక్క వైపు చూశాను. అక్క నేల చూపులు చూస్తూ చీర కొంగు సరిచేసుకుంటోంది. "ఆలోచిద్దాంలేవే, తొందరేముంది," అంది. మా అక్క నోట అంత పెద్ద మాట నేనెప్పుడూ వినలేదు. నాకు దిగులు పట్టుకుంది. ఈవిడ అక్కని ఎగరేసుకుపోయేట్టుంది, ఎలాగైనా మా ఇంటికి తెచ్చుకోవాలి. నన్ను అమ్మలా పెంచిన మనిషికి ముసలితనంలో ఇంత ముద్ద పెట్టే భాగ్యం వేరే వాళ్లకి దక్కడమేంటి? నా ప్రేమలో దొంగతనం లేదు. తెలివే లేదు.

అప్పుడు పుట్టింది ఆ మహత్తరమైన ఆలోచన. అక్క రిటైర్మెంటుకి మా ఫ్లాట్ల కిందనున్న హాల్లో పార్టీ చేద్దాం. ఊరికే కేకు కోసి చప్పట్లు కొట్టడం కాదు, చలికాలం పార్టీ! అక్క బతుకంతా మంచులోనే గడిచింది కాబట్టి మంచుతోనే సన్మానం. తెల్లవీ నీలివీ తప్ప ఇంకో రంగు కనిపించకూడదు. అందరూ స్వెటర్లు, మఫ్లర్లు వేసుకుని రావాలి. ఏడాది పాప దగ్గర్నుంచి ఎనభై ఎనిమిదేళ్ల రెండో అంతస్తు తాతగారి దాకా అందరికీ ఏదో ఒక ఆట ఉండాలి. అందరి ముందూ మైకులో, అక్క ఇకనుంచి మాతోనే ఉంటుందని ప్రకటించెయ్యాలి. జోడీ కూడా వినాలి.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. మాట తక్కువ, నాకు తగిన మొగుడు. నేను దూది ఉండలు దారానికి గుచ్చుతుంటే కాసేపు చూసి, "మీ అక్కని అడిగావా?" అన్నాడు.

"అడిగితే వద్దంటుంది. అందుకే అడగలేదు."

"పార్టీ సంగతి కాదు. ఉండే సంగతి."

"అదీ అంతే."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకులే," అని లేచి వెళ్లిపోయాడు. ఆయన మాట పట్టించుకుంటే నేను నేనెందుకవుతాను?

పది రోజులు కష్టపడ్డాను. థర్మోకోలుతో మంచుకొండలు కోశాను. బడి పిల్లలతో మూడొందల కాగితపు మంచుపూలు కత్తిరింపించాను. నురుగుతో మంచులా కురిపించే యంత్రం అద్దెకి తెచ్చాను. పెద్ద నీలం తొట్టెలో నీళ్లు, ఐసు నింపి, అందులో చిన్న చిన్న బొమ్మలు పెట్టి గడ్డకట్టించిన ఐసుముక్కలు వేశాను. పిల్లలు చెయ్యి పెట్టి తలో ముక్కా తీసుకోవాలి, ఎవరిది ముందు కరిగితే వాళ్లు గెలిచినట్టు. తాతలకి, అమ్మమ్మలకి వేడి సూపు పెట్టాను. ఇవి కాక అక్కకి నా తరఫున కానుక ఒకటి. మా ఇంట్లో వెనక గది తనకోసం సర్దించి, అందులో కొత్త ఏసీ పెట్టించాను. ఉత్తరం వైపు గది, ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటుంది. ఇంకా చల్లగా ఉండాలని ఏసీ!

పార్టీ మధ్యాహ్నం మూడింటికి. హాల్లో రెండు ఏసీలూ పదహారు మీద పెట్టాను. తాతగారు మంకీ క్యాపుతో, ఇద్దరు మనవల భుజాల మీద చేతులు వేసి వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయి, "ఏమ్మా, నన్ను ఇప్పట్నుంచే ఐసుపెట్టెలో పెట్టేస్తున్నావా? ఇంకా రెండేళ్లు ఆగుతావనుకున్నాను," అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. పిల్లలు నురుగులో దొర్లుతున్నారు. ఏడాది పాప దూది మంచు పీకి నోట్లో పెట్టుకుంది. వాళ్లమ్మ దాని వెనక పరుగు. ఏ మాటకామాటే, మా ఫ్లాట్లలో అంత సందడి ఎప్పుడూ జరగలేదు.

గిడ్డంగి నుంచి పన్నెండు మంది వచ్చారు. వాళ్ల సూపర్‌వైజరు హాలంతా కలయచూసి, "రిటైర్మెంటు అనుకుని వచ్చాం టీచరుగారూ. మళ్లీ షిఫ్టు వేశారేంటి?" అన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకుని "థాంక్సండీ" అన్నాను. పదినిమిషాలు తిరక్కుండానే ఆ పన్నెండు మందీ ఒక్కొక్కరే జారుకున్నారు. చూస్తే హాలు బయట మెట్ల మీద, ఎండలో, వరసగా కూర్చుని ఉన్నారు. ఎంత మర్యాద తెలియని మనుషులో అనుకున్నాను. లోపల ఇంత కష్టపడి అలంకరించాను, వీళ్లకి మెట్లు కావలసి వచ్చాయా?

అక్క మాత్రం వెళ్లలేదు. ముఖ్య అతిథి కదా. నేనే స్వయంగా తెల్ల వెల్వెట్ గుడ్డ కప్పిన కుర్చీలో కూర్చోబెట్టాను. సరిగ్గా ఏసీ కింద. నేను కొనిచ్చిన నీలం చీర కట్టుకుంది, పైన స్వెటరు లేదు. "ఫోటోల్లో చీర కనబడొద్దూ" అని నేనే తీయించాను. పలకరించిన ప్రతివాళ్లకీ నవ్వుతూ దండం పెడుతోంది.

"ఆట మొదలుపెట్టేది ముఖ్య అతిథిగారే! తొట్టెలో చెయ్యి పెట్టి మొదటి ముక్క తియ్యాలి!" అని మైకులో అరిచాను.

అక్క లేచి తొట్టె దగ్గరికి వచ్చింది. ఐసు వైపు చూసింది. ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది, అప్పుడు మాత్రం ఫోటో కోసం ఆగిందనుకున్నాను. పిల్లలు "పెద్దమ్మా! పెద్దమ్మా!" అని గోల. అక్క మోచేతి దాకా చెయ్యి ముంచి, వెతికి, లోపల ఎర్రచేప బొమ్మ ఉన్న ముక్క తీసింది. చప్పట్లు. నేను ఇంకోటి, ఇంకోటి అన్నాను. పొట్టి పిల్లలకి చెయ్యి అందడం లేదని వాళ్ల ముక్కలన్నీ అక్కే తీసిచ్చింది. పదో, పన్నెండో.

పక్కింటి పాపకి ఆరేళ్లు, చూసింది చూసినట్టు అనేస్తుంది. "పెద్దమ్మా, నీ వేళ్లు కొవ్వొత్తుల్లా ఉన్నాయేంటి?" అంది. అప్పుడు చూశాను. నాలుగు వేళ్లు కణుపుల దాకా పాలిపోయి, రక్తమన్నదే లేనట్టు తెల్లగా ఉన్నాయి. అక్క చటుక్కున చేతిని కొంగులో చుట్టేసుకుని, "ఏం లేదమ్మా, తడిసింది," అంది.

ఈలోగా జోడీ మెట్ల మీద నుంచి లేచి లోపలికి వచ్చింది. తిన్నగా అక్క ముందుకు వచ్చి మొహంలోకి చూసి, "పద బయటికి," అంది.

అక్క అడుగు వేసింది. నిజంగా వేసింది. నేను అడ్డుపడ్డాను.

"అయ్యయ్యో, ఇప్పుడెక్కడికండీ? అసలు కార్యక్రమం ఇప్పుడే కదా! రెండంటే రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలు కాదమ్మా, ఇప్పుడే తీసుకెళ్లాలి. చెయ్యి చూశావా?"

"ఇవాళ ఆవిడ మీ గిడ్డంగి మనిషి కాదండీ, మా అక్క," అన్నాను. మైకు ఇంకా చేతిలోనే ఉంది. ఆ మాట హాలంతా వినిపించింది. జోడీ మొహం ముడుచుకుపోయింది. వెనక్కి తగ్గింది.

ఇక నాకు పట్టపగ్గాలు లేవు. అక్క భుజం మీద చెయ్యి వేసి, "మా అక్క నన్ను పెంచింది. ఇప్పుడు నా వంతు. ఇకనుంచి అక్క మాతోనే, మా ఇంట్లోనే ఉంటుంది! తనకోసం గది సిద్ధంగా ఉంది, అందులో కొత్త ఏసీ కూడా!" అన్నాను. తాళంచెవి, ఏసీ రిమోటు ఒక రిబ్బనుకి కట్టి చేతిలో పెట్టాను. తెల్లబడిన ఆ వేళ్లు రిమోటుని సరిగా పట్టుకోలేకపోయాయి. కింద పడితే నేనే తీసి మళ్లీ పెట్టాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తాతగారైతే కళ్లు తుడుచుకున్నారు. మైకు అక్క నోటి దగ్గర పెట్టాను.

అక్క జోడీ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నా మొహం అప్పుడెలా వెలిగిపోతోందో నాకు తెలుసు, ఫోటోల్లో చూసుకున్నాను.

"సరే. మా చెల్లి దగ్గరే ఉంటాను," అంది.

జోడీ కేకు ముట్టుకోకుండా వెళ్లిపోయింది. గెలిచానని అనుకున్నాను. సిగ్గులేకుండా నిజంగా అలాగే అనుకున్నాను.

అక్క వచ్చి నెలన్నర అయింది. ఏసీ ఒక్కసారి కూడా వేసుకోలేదు. "అలవాటు లేదే" అంది, సరేననుకున్నాను. ఒక శనివారం బడి సగం పూటే ఉండి పెందలాడే వచ్చాను. కింద స్కూటర్లు పెట్టే చోట, రెండు బళ్ల మధ్య, జానెడు ఎండ పడుతున్న జాగాలో పాత ప్లాస్టిక్ స్టూలు మీద అక్క కూర్చుని ఉంది. చేతులు వెల్లకిలా ఒళ్లో పెట్టుకుంది, కళ్లు మూసుకుంది. ఎండ జరిగినప్పుడల్లా కళ్లు విప్పకుండానే స్టూలు కొంచెం జరుపుకుంటోంది. వాచ్‌మన్‌ని అడిగితే, "రోజూ ఇంతేనమ్మా. టెర్రస్ ఎక్కమంటే మోకాళ్లు పట్టేస్తున్నాయంటారు. మీరొచ్చే వేళకి లేచి వెళ్లిపోతారు," అన్నాడు.

అక్కని పలకరించే ధైర్యం చాల్లేదు. అక్కడి నుంచి అటే ఆటో ఎక్కి జోడీ ఇంటికి వెళ్లాను. ఆ రోజే ఆవిడ నాకు గిడ్డంగి సంగతులన్నీ చెప్పింది. ఇద్దరిద్దరుగా వెళ్లడం, మొహాలు చూసుకోవడం, ఎండ బల్ల. అక్క వేళ్లు అలా తెల్లబడడం పన్నెండేళ్ల నుంచి ఉందట. చల్లనీళ్లు తగిలినా చాలట, సూదులు గుచ్చినట్టు నొప్పట. డాక్టరు చెప్పింది ఒక్కటే: చలికి దూరంగా ఉండమని. రిటైరయ్యే రోజు కోసం అక్క వేళ్ల మీద లెక్కపెట్టుకుందట.

"నన్ను తిట్టండి," అన్నాను.

"తిట్టి ఏం చేస్తానమ్మా? నువ్వు చెడ్డదానివి కాదు, తొందరపాటుదానివి."

"మీరు అక్కని తీసుకెళ్లండి. నేనే పంపిస్తాను. నలుగురూ ఏమన్నా అననీ."

జోడీ వెనక్కి తిరిగి చూసింది. వరండాలో ఒక చంటిపిల్ల పాకుతోంది, లోపల కుక్కరు కూత వేస్తోంది. "మీ అక్క సరే అన్నది నా చెవులతో విన్నాను కదమ్మా. ఈ గది మా అన్నయ్య కూతురికిచ్చాను. దానికీ దిక్కులేదు, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు పొమ్మని ఏ నోటితో అనను?" అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని తెలిసొచ్చింది.

ఆ ఆదివారమే ముందు గదిలోని మా మంచం వెనక్కి మార్చి, అక్క మంచం ముందుకు తెచ్చాం. పొద్దున రెండు గంటల సేపు అక్కడ ఎండ వస్తుంది. అంతకు మించి మా ఇంట్లో ఎండ లేదు. "ఎందుకే ఈ హైరానా, నాకు అక్కడ బాగానే ఉంది," అని అక్క అంటూనే ఉంది. పక్క దులిపి దుప్పటి పరిచి, ఆవిడ పక్కనే కూలబడ్డాను. బతుకులో మొదటిసారి, మూడోసారి కూడా అడిగాను.

"అక్కా, నీకు జోడీ వాళ్లింటికి వెళ్లాలని ఉండేదా?"

"ఇప్పుడెందుకే ఆ గొడవ?"

"ఉండేదా?"

"వదిలెయ్యవే."

"అక్కా, ఉండేదా లేదా?"

అక్క దిండు గలీబు సరిచేసింది. తర్వాత, "ఉండేది," అంది.

"మరి ఆ రోజు మైకు నోటి దగ్గర పెట్టినప్పుడు చెప్పొచ్చు కదా!" అన్నాను. అప్పుడు కూడా తప్పు తనదే అన్నట్టు అరిచాను.

"నువ్వు అడగలేదు కదే. చెప్పావు," అంది అక్క.

కోపంగా అనలేదు. ఎత్తిపొడుపూ లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. నాకు ఏడుపు ఆగలేదు, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను. అక్క కంగారుపడిపోయి, "అయ్యో, ఇప్పుడేమైందని పిచ్చిదానా? ఇక్కడా ఎండొస్తోంది కదా," అంటూ నన్ను దగ్గరికి తీసుకుని కొంగుతో కళ్లు తుడిచింది. నన్ను ఓదార్చే పని కూడా మళ్లీ ఆవిడ మీదే పడింది.